అలిగిన లంగరు

నడిమిలంక శాసనసభ్యురాలు మల్లాడి కనకరత్నం దినచర్య

శ్రావణ శుద్ధ అష్టమి

శాసనసభ్యులు రోజూ దినచర్య రాయాలన్న నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇల్లు నేల మీద ఉండేదని మాత్రం గట్టిగా చెప్పగలను. కదలని బల్ల ముందు కూర్చున్నవాడికే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. నా బల్ల పొద్దుటి నుంచి గోడకు గుద్దుకుంటూనే ఉంది. పోటు ఎక్కువగా ఉంది.

ఉదయం మంచినీళ్ళ మర దగ్గర నిలబడి ఉప్పు గీకించాను. సముద్రపు నీటిని తాగేనీరు చేసే మర నియోజకవర్గానికి ఒక్కటే ఇస్తారు. పక్కన నేను లేకపోతే పైపైన గీకేసి వెళ్ళిపోతారు, సాయంత్రానికల్లా ఊరంతా ఉప్పు టీ తాగాలి. ఆ తర్వాత మూడో వరసలో తగువు. ఒకరి అరుగు మీద ఎండే చేపల వాసన పక్కింటి పసిపిల్ల ఉయ్యాల దాకా వస్తోందట. కాసేపు ఆగండి, గాలి మళ్ళుతుంది అన్నాను. మళ్ళింది. అటుపక్క ఇంటివాళ్ళు వచ్చారు.

మూడుసార్లు గెలిచి నేను చేస్తున్న ప్రజాసేవ ఇది. కొండ మీది సభలో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఈ చేపల తగువంత పొడవు ఉండవు. అక్కడ నేల కదలదు కదా, నాకు కడుపులో తిప్పుతుంది. మొదటిరోజు ప్రమాణం చేస్తూ బల్లను రెండు చేతులా పట్టుకుంటే, వినయం అనుకుని పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు. ఓట్లు అడగడం మాత్రం నాకు సులువు. గోడతెరలు వచ్చాక ఒక్క పొద్దుటిపూటలో నడిమిలంకలోని ప్రతి ఇంటి గోడ మీదా కనిపించి దండం పెట్టేస్తాను. కాళ్ళు తడవని ప్రచారం.

మధ్యాహ్నం నూకరాజు వచ్చాడు. మొదటి వరస పెద్ద. వాళ్ళమ్మాయి హైమకు హద్దు అవతలి నియోజకవర్గం తూర్పుపాయ అబ్బాయితో పెళ్ళి. విందుకు అదనంగా నీళ్ళు ఇవ్వాల్సింది నేనే కాబట్టి ఇక్కడ పెళ్ళి రోజు నన్నడిగే పెట్టుకుంటారు. పౌర్ణమి పోటుకు ఇళ్ళు తేలిగ్గా కదులుతాయని ఆ రోజు చెప్పింది నేనే. అభిజిత్ లగ్నం, మిట్టమధ్యాహ్నం ముహూర్తం.

"పిలుపులన్నీ అయిపోయాయండి. గోడతెర మీద ఒక్క నొక్కు నొక్కాను, వరసంతా ఎల్లిపోయింది. సుకం కదండీ" అన్నాడు నూకరాజు.

అతను ఇంకా గడప దాటకుండానే నా గోడ మీద సర్కారువారి ప్రకటన వెలిగింది. కార్తీకంలో జరగాల్సిన ఇళ్ళ గణనను ముందుకు జరిపారట. శ్రావణ పౌర్ణమి, మిట్టమధ్యాహ్నం.

రెండుసార్లు చదివాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఈ దినచర్యలో రాయదగింది కాదు.

శుద్ధ దశమి

మా ఇళ్ళు తేలతాయి, హద్దులు తేలవు. లంకలు మునిగి రెండు తరాలైనా నియోజకవర్గాల గీత అడుగున ఉన్న సర్వే రాళ్ళ మీదే ఉంది. పైన నీళ్ళ మీద తేలే ఎర్ర బుడ్డలు కట్టి చూపిస్తారు. గణన రోజున సర్కారు డ్రోన్ వస్తుంది, మావాళ్ళు దాన్ని గద్ద అంటారు. ఏ ఇంటి లంగరు గీతకు ఏ పక్కన దిగి ఉంటే ఆ ఇల్లు ఆ పక్కది. ఇళ్ళు కనీస సంఖ్యకు తగ్గితే ఆ నియోజకవర్గం రద్దవుతుంది. శాసనసభ్యురాలు ఇంటికి, మర కొండ మీదికి. మేము ఆ సంఖ్యకు కాస్త పైన ఉన్నాం. మొదటి వరస పోతే కిందికి పడతాం.

పెళ్ళికీ దీనికీ ఏమిటి సంబంధమని నేల మీద ఎవరైనా అడగొచ్చు. మా దగ్గర పెళ్ళికూతురు ఒక్కతే వెళ్ళదు. ఆమె ఇల్లు వెళ్ళి పెళ్ళికొడుకు ఇంటిని ఆనుకుని నిలుస్తుంది. రెండు అరుగులూ కలిసిన చోట పందిరి, అక్కడే తాళి. ఆమె వెనకాల వరసలోని ఇళ్ళన్నీ లంగర్లు ఎత్తి, ఒకే మోకు మీద బారుగా తరలి వెళతాయి. పదహారు రోజుల పండుగ దాకా అక్కడే ఉంటాయి.

ఇంతకంటే చక్కటి సంగతి ఇంకొకటుంది. నా మొదటి విడతలో తూర్పుపాయ శాసనసభ్యుడు బొమ్మిడి సుదర్శనం గణన రోజున మా ఇళ్ళకు కొక్కేలు తగిలించి తనవిగా చూపించేవాడు. అది ఆపడానికి నేనొక సవరణ తెచ్చాను: ఒకే మోకు మీదున్న ఇళ్ళన్నీ, ఆ మోకును పట్టి ఉంచిన లంగరు ఎక్కడుంటే అక్కడివే. నా పేరుతో ఉన్న చట్టం అదొక్కటే. పౌర్ణమినాడు మా వరస మోకును పట్టి ఉంచేది తూర్పుపాయలోని పెళ్ళికొడుకు ఇంటి లంగరు. నా చట్టం నా కుర్చీ కిందికే నీళ్ళు తెస్తోంది.

నూకరాజును బతిమాలాను. హైమ ఇల్లు ఒక్కటే వెళ్ళి, వరస మర్నాడు వెళ్ళకూడదా అని.

"ఒంటరిగా ఎల్తే మా పిల్లకి ఎనకాల ఎవరూ లేరనుకోరా అండి?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి ఆ మాట వదిలేశాను.

అవతలికి పడవ వేసుకుని వెళ్ళాను. పెళ్ళికొడుకు తల్లి వీరవేణి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది, ముహూర్తం మాట ఎత్తగానే గ్లాసు తీసేసింది. తర్వాత మూఢం అట, మాఘం దాకా లగ్నాల్లేవట.

"రోజు సెప్పింది మీరే కదండీ. ఇప్పుడు మీరే మార్చమంటే ఎలాగండి?"

లేచి పడవెక్కాను. తిరిగి వస్తూ మొదటి వరస చివర అప్పాయమ్మ ఇంటి మీదుగా వచ్చాను. వరసకంతటికీ పెద్దావిడ. అరుగు మీద వల బాగుచేసుకుంటూ నా వంక చూసి తల తిప్పేసుకుంది. ఆవిడ గోడతెర మీద చేపల గంప తగిలించి ఉంది. ఎండ తగలకుండా కాబోలు అనుకున్నాను.

శుద్ధ త్రయోదశి

కొండ మీది నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. మర్యాదస్తులే పాపం, నా ముఖం చూడకుండా మర బోల్టులు కొలుచుకున్నారు. "ఊరికే ముందుజాగ్రత్తకండీ" అన్నాడు ఒకడు. బిందెలతో నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు కొలిచే టేపు వైపు చూస్తూ నిలబడిపోయారు. బయటివాళ్ళకు అది ఇనుము. మాకు గొంతులో దిగే నీరు. ఆ మర పోతే తూర్పుపాయ మర దగ్గర వరుసలో నిలబడాలి, సుదర్శనం దయ తలిస్తే తాగాలి.

గణన కార్యాలయంతో గోడతెర మీద మాట్లాడాను. ఒక్క రోజు వాయిదా అడిగాను. అక్కడి అధికారి ఎంతో గౌరవంగా, "నియమం మీదేనండి మేడమ్, చాలా స్పష్టంగా రాశారు" అన్నాడు. ఇంతవరకూ నా చట్టాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి అతనే.

సాయంత్రం సుదర్శనం గోడ మీదికి వచ్చాడు. మీసాలకు కొత్త నలుపు. "అక్కా, పందిరి నేనే ఏయిస్తన్నాను. మీ వరసకి మా నీళ్ళకి లోటుండదులే" అన్నాడు. నవ్వాను. తెర ఆరిపోయాక ఏడ్చాను. కుర్చీ కోసమే ఏడ్చానా అంటే, కొంత కుర్చీ కోసమే. మిగతాది ఆ బిందెల వాళ్ళ కోసం.

ఈ మూడు విడతల్లో తగువులు తీర్చి, అలకలు మాన్పి, మనుషుల్ని మనుషులకు కలపడం తప్ప నాకు వేరే విద్య రాలేదు. ఆ విద్య వల్లే ఇప్పుడు నా పదవి ఊడుతోంది. బీరువాలోంచి పట్టుచీర తీసి గాలికి ఆరేశాను. పెళ్ళికి వెళ్ళకుండా ఉండేంత చిన్నదాన్ని కాదు.

పౌర్ణమి, ఉదయం

వరస కదిలింది. అందంగానే ఉంది, ఒప్పుకోవాలి. ముందు హైమ ఇల్లు, గుమ్మానికి మామిడాకులు. వెనక ఇంటి వెనక ఇల్లు, మధ్యలో వదులుగా మోకు, అరుగుల మీద కొత్త బట్టల్లో పిల్లలు. నేను పడవలో పక్కనే వస్తున్నాను. ఎర్ర బుడ్డలు దాటుతున్నప్పుడు అటువైపు చూడకూడదని నూకరాజు తలపాగా వైపు చూశాను.

అవతలి అరుగు మీద మేళం మొదలైంది. ఇంతలో మోకు ఒక్కసారిగా బిగిసింది. హైమ ఇల్లు పెళ్ళికొడుకు ఇంటికి ఓ నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. మోటార్లు పెంచారు. మోకు మూలిగింది గానీ ఇల్లు జరగలేదు. వెనక నుంచి ఇంటి మీదుగా ఇంటికి కేక వచ్చింది. అప్పాయమ్మ లంగరు ఎత్తలేదట.

నూకరాజు నా పడవ అంచు పట్టుకున్నాడు. "మీరెల్లి నచ్చజెప్పాలండి. మీ మాటకి కాదనేవోళ్ళు లేరు. ముహూర్తం దాటిపోతే మా పిల్ల బతుకేం గాను?"

వెళుతున్నాను. మిగతాది తర్వాత రాస్తాను.

పౌర్ణమి, సాయంత్రం

ఇంటికొచ్చి పట్టుచీర కూడా మార్చకుండా రాస్తున్నాను.

అప్పాయమ్మ అరుగు మీద వల ముందేసుకుని కూర్చుంది. కొత్త చీర కట్టుకుని ఉంది. అది చూసి సగం ధైర్యం వచ్చింది. వెళ్ళకూడదనుకున్న మనిషి కొత్త చీర కట్టదు. లోపల ఆవిడ భర్త, ముసలాయన, రేడియో మరమ్మతు చేసుకుంటున్నాడు.

"అప్పాయత్తా, ఏమిటిది? అందరూ కదిలారు" అన్నాను.

"అందర్నీ పిలిచారు, కదిలారు. నన్నెవరు పిలిచారు?"

"గోడ మీద పిలుపు వచ్చింది కదా."

"గోడ మీద బొమ్మొచ్చి పిల్తే నా గోడెల్తాది పెళ్ళికి. నేనెందుకెల్తాను? ఆ పిల్లకి నీళ్ళోసింది నేను. గుమ్మంలోకొచ్చి బొట్టెట్టి పిలవడానికి నూకరాజు ఇంట్లో ఆడమనిషే లేదా?"

సరే, ఇది నాకు తెలిసిన రోగమే. ఇలాంటి అలకలు వందల్లో మాన్పాను. తప్పే అత్తా, కుర్రతనం అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటారు అత్తా అని నోరు దానంతటదే మొదలెట్టింది. మాట్లాడుతూనే ఆవిడ పక్కనున్న గొలుసు వైపు చూశాను. గొలుసు నిటారుగా నీళ్ళలోకి దిగి ఉంది. దూరంగా ఎర్ర బుడ్డలు. అవి ఆవలివైపున ఉన్నాయి. నేను నడిమిలంకలో నిలబడి ఉన్నాను.

గొలుసు దగ్గర్నుంచి మోకు వెంబడే చూశాను.

వరసంతా ఒకే మోకు మీద ఉంది. ఆ మోకును పట్టి ఉంచిన లంగరు ఒకే ఒక్కటి, ఈవిడది. మా వైపున. ఈ అలక మధ్యాహ్నం దాకా నిలిస్తే నడిమిలంక నిలుస్తుంది. నేను ఏమీ చేయనక్కర్లేదు. "నీ ఇష్టం అత్తా" అని పడవెక్కేస్తే చాలు. ఒక్క పుల్లవిరుపు మాట అంటే ఇంకా మంచిది, ఆవిడ సంక్రాంతి దాకా అలిగి కూర్చుంటుంది.

అటువైపు చూశాను. దూరంగా హైమ అరుగు చివర నిలబడి ఉంది. నుదుటన బాసికం మెరుస్తోంది. అవతలి అరుగు మీద పెళ్ళికొడుకు తాతబ్బాయి. మధ్యలో నాలుగు బారల నీళ్ళు.

నాకు అబద్ధాలు రావని కాదు. మూడు విడతలు ఊరికే గెలవలేదు. కానీ ఈ ముసలావిడ కోపాన్ని ఆవిడకే తెలియకుండా వాడుకోవడానికి మనసొప్పలేదు. కూలబడి ఉన్నదంతా చెప్పేశాను.

అప్పాయమ్మ వల పక్కన పెట్టింది. "అంటే నేను లంగరెత్తితే నీ ఉద్యోగం పోద్ది."

"నా ఉద్యోగమూ, నీళ్ళ మరా."

"ఎత్తకపోతే పిల్ల పెళ్ళి పోద్ది."

"అవును."

"మరి నన్నెందుకు ఎత్తమని బతిమాలతన్నావు?"

"బతిమాలడం ఆపేశాను అత్తా. నువ్వే చెప్పు."

ఆవిడ కొత్త చీర కొంగు సర్దుకుంది. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. "ముందు నా మర్యాద సంగతి తేలాలి. ఆ పిల్లొచ్చి బొట్టెట్టమను" అంది.

కేక ఇల్లిల్లూ దాటి వెళ్ళింది. హైమ ఎవరి కోసమూ ఆగలేదు. కుంకుమ భరిణె పుచ్చుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకుని, తానే చిన్న పడవ తోసుకుంటూ వచ్చేసింది. నుదుటన బాసికం పక్కకు జరిగింది. అప్పాయమ్మకు బొట్టు పెట్టి, "నాయనమ్మా, తప్పయిపోయింది. నువ్వు రాకపోతే నేను పీటల మీద కూకోను" అంది.

అంతే, ముసలావిడ ముఖం పూరీలా పొంగింది. బాసికం సరిచేసి, హైమ బుగ్గలు పుణికి, లేచి నిలబడింది. నేను మాత్రం గొలుసు వైపు చూశాను. అలక తీరింది, అంటే లంగరు లేస్తుంది.

"ఇక గొలుసు లాగమంటావా అత్తా?" అన్నాను.

అప్పాయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ పిల్ల బొట్టు నాకెట్టిందా, ఇంటికెట్టిందా? పిలుపు నాకు. నేనెల్తాను. ఇల్లెందుకు? ముసిలాడు కాపలా ఉంటాడు." లోపలికి తిరిగి, "ఏవయ్యా, గొలుసు మీద ఎవడైనా సెయ్యేస్తే అరువు" అని కేకేసి నా పడవలో కూర్చుంది.

కానీ నాలుగు బారలు నాలుగు బారలుగానే ఉన్నాయి. మేము వెళ్ళేసరికి అవతలి అరుగు మీద పంతులుగారు గడియారం చూపిస్తూ అరుస్తున్నారు. సుదర్శనం ముఖం మొదటిసారి కాస్త చెమటపట్టి ఉంది. మీ ఇల్లే ఇటు నాలుగు బారలు జరపండి అన్నాను. వీరవేణి నడుం మీద చేతులు వేసుకుంది.

"మగపెళ్ళివారం. మేం కదలడమేంటండి?"

అప్పాయమ్మ పడవలో లేచి నిలబడింది. పడవ ఊగినా ఆవిడ ఊగలేదు. "ఏవమ్మా వీరవేణీ. బొట్టెట్టి పిలిస్తే వచ్చాను. ఈ వయసులో నన్ను నీళ్ళ మీద నుంచోబెట్టి, ఎదురు రాకుండా సూస్తన్నావా? మీ ఇంటి మర్యాద ఇదేనా?"

మేళం ఆగిపోయింది. పాపం వీరవేణి. కదిలితే ఆడపెళ్ళివారికి లొంగినట్టు, కదలకపోతే పెద్దమనిషిని అవమానించినట్టు. అటు చూసింది, ఇటు చూసింది. చివరికి గొంతు పెంచి అందరికీ వినబడేలా అంది: "ఎదురొచ్చేది పెద్దావిడకి. ఆడపెళ్ళివారికి కాదు. అందరూ ఇనండి!" తర్వాత కొడుకు వైపు తిరిగి, "నిలబడ్డావేంట్రా, లంగరు తియ్యి" అంది.

తాతబ్బాయి పట్టుపంచె ఎగదోసుకుని చక్రం తిప్పిన వేగం చూస్తే, పొద్దుటి నుంచీ అతను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడనిపించింది. పక్కింటితో ఉన్న కట్టు విప్పారు. ఆ ఇల్లు మెల్లగా జరిగి వచ్చి హైమ ఇంటిని ఆనుకుంది. టక్కున చప్పుడైంది. అప్పాయమ్మను చేతులు పట్టి పైకి తీసుకున్నారు. గట్టిమేళం మోగింది. అదే సమయానికి పందిరి మీద గద్ద నీడ పడింది. తాళి ముడి పడుతుంటే అందరూ కిందికి చూస్తున్నారు, నేనూ సుదర్శనమూ మాత్రం పైకి చూస్తున్నాం.

గద్ద మోకు వెంబడే వెనక్కి, వరస చివరిదాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగి వెళ్ళిపోయింది.

"అక్కా," అన్నాడు సుదర్శనం, "ఆ సవరణ రాసిన సెయ్యి మంచిది."

అతని విస్తట్లో నా లడ్డూ వేసేశాను. నిజంగా అంత సంతోషంగా ఉంది.

శ్రావణ బహుళ పాడ్యమి

ప్రకటన వచ్చింది. నడిమిలంక ఉంది. పెళ్ళికొడుకు ఇంటితో కలిపి మునుపటికంటే ఒక ఇల్లు ఎక్కువే. మర కొలవడానికి వచ్చిన ఇంజనీర్లు టేపు చుట్టుకుని, మా దగ్గర టీ తాగి వెళ్ళారు. టీలో ఉప్పు లేదు. ఇన్నాళ్ళకు నిద్రలో పళ్ళు కొరకలేదని మా ఆయన చెప్పాడు. ఒళ్ళంతా బరువు దించుకున్న పడవలా తేలిగ్గా ఉంది.

సాయంత్రం అప్పాయమ్మ ఇంటికి వెళ్ళాను. పెళ్ళి లడ్డూలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇద్దరం అరుగు మీద కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి కూర్చున్నాం. నీ వల్లే నిలిచాం అత్తా, నీకు నియోజకవర్గం తరఫున సన్మానం చేయిస్తాను, శాలువా కప్పుతాను అన్నాను. ఎంత సంతోషంలో ఉన్నా శాసనసభ్యురాలి నోరు ఊరుకోదు.

"నీకు ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు నేను" అంది లడ్డూ నములుతూ.

నాకు నవ్వొచ్చింది. "పోనీలే అత్తా. ఎందుకు?"

ఆవిడ లోపలికి చెయ్యి చూపించింది. గోడతెర మీద చేపల గంప అలాగే వేలాడుతోంది.

"మూడుసార్లూ ఆ గోడ మీదే వచ్చావు కదే."

నీళ్ళలో నా కాళ్ళు ఆగిపోయాయి. లేచి ఇంటికి వచ్చాను. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తీసుకుని, ఎన్నికలు ఇంకా రెండేళ్ళు ఉన్నా సరే, మళ్ళీ పడవెక్కాను. మొదటి వరస మొదటి ఇంటి నుంచి మొదలుపెడితే ఆవిడ చివర వస్తుంది కాబట్టి, చివరి ఇంటి నుంచే మొదలుపెట్టాను.